రెండు వేళ్ళకు సరిపడా

వారమంతా హోబార్ట్‌లో పళ్ళు చేస్తాను.
ఎవరెవరివో నోళ్ళు, ప్లాస్టర్ అచ్చులై
నా బల్ల మీద తెరుచుకుని ఉంటాయి.
శనివారం మాత్రం గీవ్‌స్టన్ దారి పడతాను,
ఒకప్పుడు ఆపిల్ పెట్టెలు సర్దిన రేకుల షెడ్డుకి.
అక్కడ ఐరిస్ టాస్కర్ నాకు చెక్క నేర్పుతోంది.

మొదటి నెల ఉలి ముట్టనివ్వలేదు.
మూల పట్టుకుని, కణుపుతో తట్టి, విను, అంది.
సంతలో పుచ్చకాయను తట్టిన చెయ్యి నాది,
కొనే ముందు కుండను మోగించి చూసే ఇల్లు మాది,
అయినా ఠంగుమనేదేదో బొదబొదమనేదేదో
మూడు వారాలు తేలలేదు.
నాలుగో వారం ఒక పలక పలికింది.
పలక పలకడం! తెలుగులో ఎంత తేలిక.
ఐరిస్‌కి చెప్పబోయి ఊరుకున్నాను.

జూన్‌లో, వాన తెరిపివ్వని రోజున, క్లైవ్ బర్రిడ్జ్ వచ్చాడు.
టోపీ తీసి, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు
బేరానికి తెచ్చిన వస్తువులా.
చిటికెన వేలు లేదు. ఉంగరం వేలు లేదు.
"రంపపు మిల్లు. డెబ్భై తొమ్మిది," అన్నాడు, అంతే.
"మిగిలినవాటికి సరిపడా ఒకటి చేస్తారా?"

ఐరిస్ అయ్యో అనలేదు.
బంకమట్టి కడ్డీ ఒకటి చేతికిచ్చి, జి కార్డు పట్టు, అంది.
ఆయన నొక్కాడు. లేని వేళ్ళ చోట మట్టి ఉబ్బింది.
ఆ కడ్డీ ఎండి, ఇప్పటికీ కిటికీలో ఉంది.

చలికాలమంతా అదే పని.
బ్లాక్‌వుడ్ బద్దను నానబెట్టి
కాలే ఇనుప గొట్టానికి ఆనించి వంచాలి.
తొందరపడితే ఫట్‌మంటుంది, జంకితే మొండికేస్తుంది;
ఆవిరి వాసన మారగానే
ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, చెక్క ఒప్పుకుంటుంది.
నేను రెండు విరిచాను.
ఐరిస్ వాటిని పొయ్యిలో వేసి టీ పెట్టింది.
పైపలకకి కింగ్ బిల్లీ పైన్: గీతకో ఏడాది,
వెంట్రుకంత మాత్రమే ఎదిగిన ఏడాది.
దాని కడుపులో ఇంటూ గుర్తులా అడ్డదూలాలు,
ఉలితో పలచబరచి, తట్టి, మళ్ళీ పలచబరచి.
ఎక్కువ తీస్తే తీగల లాగుడికి పొట్ట పగులుతుంది,
తక్కువ తీస్తే జన్మంతా గొంతు పెగలదు.
ఎక్కడ ఆపాలి?
"భయం మొదలయ్యాక ఇంకో రెండు తోపులు," అంది.

ఓ రోజు క్లైవ్‌ని అడిగాను, ఈ చెక్క మీరు కోసిందేనా,
ఆ రోజు దుంగేనా, అని. కథలంటే ఆశ నాకు.
నవ్వాడు.
"అది ఏ లాయరింట్లో వంటగది అలమారో అయ్యుంటుంది, పిల్లా."

మెడ పదకొండుసార్లు మారింది.
ఆయన పట్టుకోవడం, తల అడ్డంగా ఊపడం,
ఐరిస్ ఆకురాయి అందుకోవడం.
బొటనవేలు పైనుంచి వంగి లావు తీగను నొక్కేలా
ఒక పక్క భుజం దించింది. వంకర మెడ.
ఇంకెవరి చేతికీ కుదరదు. అమ్మితే అణా రాదు.

నట్టు నాకు ఇచ్చింది.
ఎద్దు ఎముక ముక్క, చిటికెన వేలంత.
ఆరు లావులకి ఆరు గాట్లు.
ఒక్క తోపు ఎక్కువైతే తీగ బుర్రుమంటుంది.
నా చేతి పళ్ళు ఇదివరకు నమిలాయి, నవ్వాయి,
రాత్రుళ్ళు గ్లాసు నీళ్ళలో నిద్రపోయాయి;
ఒక్కటీ శ్రుతి పట్టి నిలబడలేదు.

సెప్టెంబరులో, వార్నిష్ వెయ్యకముందే, ఉక్కు తీగలు ఎక్కించాం.
ఆరూ కలిసి ఒక మనిషి బరువు లాగుతాయట.
పైపలక కాగితమంత ఉబ్బింది.
లోపలెక్కడో కిర్రుమంది. ఎవరం ఊపిరి తీయలేదు.
సర్దుకుంది.

క్లైవ్ వాయించింది పాట కాదు.
జి. మళ్ళీ జి. సి మీదికి వెళ్ళి, తప్పి,
తిట్టుకుని, మళ్ళీ జి.
గొంతు ఇంకా బిగుసుగానే ఉంది, కొత్త చెప్పులా.
"ఏడాది వాయిస్తే తెరుచుకుంటుంది," అంది ఐరిస్.
"నాకు డెబ్భై నాలుగు."
"అయితే రోజూ వాయించు."

సోమవారం. బల్ల మీద ఎవరిదో దవడ.
కిరీటం నున్నగా తోమి, తుడిచి,
ఎవరూ చూడకుండా గోటితో తట్టి
చెవి దగ్గర పెట్టుకున్నాను.